ఖాళీ సంచి నేరం

వినాయక చవితి నవరాత్రుల్లో మందార మెడోస్ అపార్ట్‌మెంట్స్ అధ్యక్షులు పరాంకుశంగారు మండపం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ కుక్క పెంట తొక్కారు. పట్టుపంచె, ఒట్టి కాళ్ళు. మైకులో మంత్రాలు చదువుతున్న పంతులుగారు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు.

అది ఎవరి కుక్కదో అక్కడున్న అందరికీ తెలుసు. అంత పరిమాణంలో ఆ పని చేయగల జీవి కాలనీలో ఒక్కటే ఉంది. సి బ్లాకు బలరాంగారి సీజర్. దూడంత ఉంటుంది. బలరాంగారు ఈ భవనాలు కట్టిన బిల్డరుగారికి బావమరిది వరస. ఆ ఏడు మండపానికి పెద్ద లడ్డూ ఇచ్చింది కూడా ఆయనే. అందుకని తొక్కింది ఎవరి కుక్కదో తేల్చే పని అక్కడితో ఆపేసి, ఇకమీదట ఎవరిదో ఎలా తేల్చాలి అన్న విషయం మీద కమిటీ దృష్టి పెట్టింది.

నేను అసోసియేషన్ ఆఫీసులో పనిచేస్తాను. గేటు పక్క గది. ఫోన్లు ఎత్తడం, పరాంకుశంగారు చెప్పింది కంప్యూటర్లో కొట్టడం నా పని. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో మాట్లాడకుండా కూర్చోవడం బాగా నేర్పారు. ఈ ఉద్యోగానికి అది చాలా పనికొచ్చింది.

క్లబ్ హౌస్‌లో మీటింగు పెట్టారు. కార్యదర్శి ప్రణీత్‌గారు సాఫ్ట్‌వేర్ మనిషి. ముందుగా ఆయనే లేచారు.

"ఫారిన్‌లో డీఎన్ఏ టెస్ట్ చేస్తున్నారు సార్. శాంపిల్ పంపిస్తే ఏ కుక్కో చెప్పేస్తారు."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది ప్రణీత్. కానీ శాస్త్రం చేత సంతకం పెట్టించలేం కదా."

"పోనీ ఫైన్ వేద్దాం సార్."

"ఫైన్ వెయ్యాలంటే నేరం రుజువవ్వాలి. రుజువవ్వాలంటే సాక్షి కావాలి. తెల్లారగట్ల క్రోటన్ మొక్కల్లో నీకు సాక్షి ఎక్కడ దొరుకుతాడు?"

పరాంకుశంగారు ప్రభుత్వంలో ఆడిట్ వైపు పనిచేసి రిటైరయ్యారు. పల్లెలకు మంజూరైన నిధులు ఖర్చయ్యాయా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం. ఎక్కడైనా నిధి మిగిలిపోయిందంటే ఆయనకు నిద్ర పట్టేది కాదట. ఖర్చయిన నిధితో ఏం కట్టారన్నది మాత్రం వేరే శాఖ చూసుకునేది.

ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"ప్రభుత్వం ఒక నిధి జారీ చేస్తుంది. తీసుకున్నవాడు దాన్ని వినియోగించి, వినియోగించినట్టు ధ్రువపత్రం తేవాలి. తేలేదంటే నిధి దుర్వినియోగమైనట్టే లెక్క. ఈ సూత్రం మీదే దేశం నడుస్తోంది. ఇక మీదట కుక్కని బయటికి తిప్పదలచిన ప్రతి సభ్యుడూ ఆఫీసులో ఒక ఆకుపచ్చ సంచి తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ సంచి నిండి ఉండాలి. అదే ధ్రువపత్రం. సంచి ఖాళీగా వచ్చిందంటే సదరు విసర్జితాన్ని ఎక్కడో వదిలేసి వచ్చినట్టు భావించబడుతుంది. మూడుసార్లు ఖాళీ సంచి తెచ్చిన కుక్కకి నివాస అనుమతి రద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. బలరాంగారు అందరికంటే గట్టిగా కొట్టారు.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. బి బ్లాకులో అద్దెకుండే వకుళగారు. ఇంటి దగ్గర పిల్లలకి లెక్కలు చెబుతారు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడతో పాటు ఉండేది బాదుషా. గోధుమరంగులో, గుండ్రంగా, కాస్త ఊబగా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ముసలి కుక్క, మెల్లిగా నడుస్తుంది. కాలనీలో కుక్క వెనకాల కాగితం పట్టుకుని నడిచి, అది కానిచ్చింది ఎత్తి, పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసే మనిషి ఆవిడ ఒక్కతే. అందువల్ల ఆ మీటింగుకి ఆవిడ రానవసరం లేదు. అయినా వచ్చారు.

"సార్, ఆ పూట కుక్క వెళ్ళకపోతే?"

"వెళ్ళకపోతే మరెందుకు తిప్పారు?"

"వెళుతుందేమోనని."

"ఏమో అన్నదాని మీద సంచి జారీ చెయ్యలేమమ్మా," అన్నారు పరాంకుశంగారు జాలిగా. "వెళ్ళిన పని కాకుండా తిరిగి రావడాన్ని ఆఫీసు భాషలో ఏమంటారో తెలుసా? విధి నిర్వహణలో వైఫల్యం."

మర్నాటి నుంచి నా బల్ల మీద ఒక పక్క సంచుల కట్ట, ఇంకో పక్క తూకం మిషను వచ్చాయి. తూకం ఎందుకంటే, మొదటి రోజే కొందరు సంచిలో మట్టి, ఎండుటాకులు వేసి తెచ్చారు. "పరిమాణం కాదు, బరువు ముఖ్యం," అన్నారు పరాంకుశంగారు. ప్రణీత్‌గారు ఒక యాప్ తయారుచేశారు. కుక్క ఒంటి బరువు కొడితే, అది రోజుకి ఎంత విసర్జించాలో యాప్ చెబుతుంది. దాన్ని దిన లక్ష్యం అన్నారు. సంచి తూచి ఆ అంకె కొడితే సాధన ఎంత శాతమో వస్తుంది. క్లబ్ హౌస్ గోడ మీద పెద్ద టీవీ పెట్టి, ఏ బ్లాకు ఎంత సాధించిందో రంగుల పటాల్లో చూపించేవారు.

సీజర్ మొదటి వారం నుంచే ముందంజలో ఉంది. వచ్చేపోయే వాళ్ళు టీవీ ముందు ఆగి, సి బ్లాకు పచ్చబడటం చూసి, బలరాంగారి భుజం తట్టి వెళ్ళేవారు.

"తిండి అట్లాంటిది పెడతానండీ," అనేవారు ఆయన వినయంగా. "పెట్టుబడి లేకుండా రాబడి రాదు."

బాదుషా కథ అలా లేదు. ముసలి పొట్ట. ఒక రోజు పోతే ఒక రోజు పోడు. నియమం వచ్చిన కొత్తలోనే ఒక పొద్దున వకుళగారు వాణ్ణి రెండు చుట్లు తిప్పి, మడత విప్పని సంచితో వచ్చారు. గేటు దగ్గర కొమురయ్య ఆపాడు. మా వాచ్‌మన్. ఖాళీ సంచితో వచ్చినవాళ్ళని లోపలికి వదలొద్దని అతనికి ఉత్తర్వు.

"ఏందమ్మా, ఏం బోలేదా?"

"లేదు కొమురయ్యా. కూర్చున్నాడు, లేచాడు, అంతే."

కొమురయ్య వంగి బాదుషా మొహంలోకి చూశాడు. "ఏమ్‌రా? జర పోరాదు? అమ్మ మీదికి తెస్తున్నవ్." తర్వాత నా వైపు తిరిగి, "రాకపోతే ఆమె ఏం జేస్తది స్వరూపా? మీద కూసొని ఒత్తాల్నా?" అన్నాడు.

నేను యాప్‌లో సున్నా కొట్టాను. బి బ్లాకు ఎర్రబడింది.

సాయంత్రానికి పరాంకుశంగారు మెమో చెప్పి కొట్టించారు: "మీ సంరక్షణలో గల బాదుషా అను శునకము, తనకు జారీ చేయబడిన సంచిని వినియోగించుకొనక యథాతథముగా వాపసు చేసినందున, దానిపై చర్య ఎందుకు తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది."

వకుళగారు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి కాగితం రాయించుకొచ్చారు. వయసు మీద పడటం వల్ల వీడికి రెండు రోజులకోసారే అవుతుందని అందులో ఉంది. పరాంకుశంగారు దాన్ని రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, వేలితో తట్టారు.

"రెండు రోజులకోసారి అన్నారు. ఒప్పుకుంటాను. కానీ సంచి ఖాళీగా వచ్చిన రోజు ఆ రెండింట్లో మొదటిదా, రెండోదా? డాక్టరుగారు చెప్పలేదు."

"అయితే ఇంట్లోనే ఉంచి, అవసరమైనప్పుడే తీసుకొస్తానండీ."

"అవసరమైందని మీకెలా తెలుస్తుంది?"

"చూస్తే తెలుస్తుంది సార్. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడతాడు."

"తలుపు దగ్గర నిలబడటం దరఖాస్తు కిందికి రాదమ్మా."

ఆ వారమే ఒక సవరణ వచ్చింది. వరసగా రెండు రోజులు సంచి తీసుకోని కుక్క, కమిటీ కన్నుగప్పి ఎక్కడో కానిచ్చేస్తున్నట్టు భావించబడుతుంది. అంటే బాదుషాని తిప్పినా నేరమే, తిప్పకపోయినా నేరమే.

నవ్వాలో ఏడవాలో తెలియక వకుళగారు ఆఫీసులో ఉన్న కుర్చీలో కూర్చుండిపోయారు. బాదుషా ఆవిడ చెప్పుల మీద తల పెట్టుకుని పడుకున్నాడు.

"కుక్క ఉందంటే ఇల్లు ఎవరూ అద్దెకివ్వరమ్మా," అన్నారు నాతో. "ఈ ఇల్లు దొరకడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో. ఇప్పుడు వీణ్ణి పంపెయ్యమంటే ఎక్కడికి పంపను? కళ్ళు కూడా సరిగ్గా కనపడవు. నా చప్పుడు వినకపోతే అన్నం ముట్టడు."

ఈలోగా కాలనీ శుభ్రత గురించి కూడా చెప్పాలి.

ఒక కుక్క తన దిన లక్ష్యం పొద్దున్నే పూర్తి చేస్తే, మిగతా రోజంతా దానికి లెక్క లేదు. సీజర్ తొలి విడతకే శాతం దాటేసేది. మధ్యాహ్నం, సాయంత్రం అది వదిలేది అదనం. అదనానికి సంచి జారీ ఉండదు. ఒకసారి పిల్లల జారుడుబల్ల కిందే అది కూర్చుంటే, అక్కడి ఆడవాళ్ళు కేకలేశారు.

"కోటా పొద్దున్నే అయిపోయిందండీ," అన్నారు బలరాంగారు నొచ్చుకుని. "ఇది బోనస్."

ఊడ్చేవాళ్ళు ఎత్తబోతే ప్రణీత్‌గారు ఆపారు. సంచి లేకుండా ఎత్తినది యాప్‌లోకి ఎక్కదు. ఎక్కకుండా ఎత్తేస్తే డేటా చెడిపోతుంది. అందుకని అది అక్కడే ఎండేది. పిల్లలు జారుడుబల్ల మానేసి మెట్ల మీద ఆడుకోవడం మొదలుపెట్టారు.

జమయిన సంచుల్ని పారేయడానికి కూడా వీల్లేదు. నెలాఖరు తనిఖీ అయ్యేదాకా దాచాలి. క్లబ్ హౌస్‌లో తాళం వేయగల గది యోగా గది ఒక్కటే. యోగా చేసేవాళ్ళు రెండు రోజులు ప్రాణాయామం చేసి, మూడో రోజు కార్ల పార్కింగులోకి వెళ్ళిపోయారు. తనిఖీకి పరాంకుశంగారు ముక్కుకి కండువా చుట్టుకుని వెళ్ళి, సంచుల వరసల మధ్య నిలబడి చాలాసేపు చూశారు. బయటికొచ్చి, "నా సర్వీసు మొత్తంలో ఇంత పక్కాగా నిధుల వినియోగం చూడలేదు," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. గాఢమైన వాసన వల్లే కావచ్చు.

ఆ రోజుల్లోనే బాదుషా రెండో ఖాళీ సంచి కూడా నమోదయింది.

వకుళగారు వాడికి గుమ్మడికాయ ఉడికించి పెట్టారు. ఆముదం పట్టారు. బొప్పాయి ముక్కలు చేత్తో తినిపించారు. ఏం జరుగుతోందో వాడికి తెలియదు కానీ, ఆవిడ కంగారు వాడికి తెలిసింది. కుక్కకి మనసు బాగోకపోతే ముందు బిగుసుకుపోయేది పొట్టేనట. ఆ రోజంతా ఏమీ లేదు. మర్నాడు పొద్దున, ఇక సంచి తీసుకోక తప్పదు కాబట్టి తీసుకుని, వాణ్ణి కాలనీ అంతా తిప్పి, చివరికి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. ముఖం పాలిపోయింది.

బలరాంగారు సీజర్‌తో అటే వచ్చారు. చేతిలో నిండు సంచి.

"ఏం మేడమ్, మనవాడు మొరాయిస్తున్నాడా?"

ఆవిడ బాదుషా తాడు దగ్గరికి లాక్కున్నారు.

"ఫీలవకండి మేడమ్. మావాడిది బోలెడుంది. ఒక చెయ్యి ఇటు వంపుతా, మీదీ గట్టెక్కిపోతుంది. ఇరుగూ పొరుగూ అన్నాక ఇచ్చిపుచ్చుకోకపోతే ఎలా?"

ఆవిడ బాదుషా వైపు చూశారు. వాడు తోక ఊపాడు. ఆవిడ తల పక్కకి తిప్పుకుని సంచి మూతి తెరిచారు. బలరాంగారు దానధర్మాల్లో లోటు చేసే మనిషి కాదు, ధారాళంగా వంపారు.

నా బల్ల మీద ఆ సంచి పెట్టగానే తూకం మిషను ముల్లు ఎటో వెళ్ళిపోయింది. యాప్ ఇంతకు ముందెప్పుడూ చెయ్యని చప్పుడు చేసింది. టీవీలో బి బ్లాకు పచ్చగా కాదు, ఊదారంగులోకి మారింది. ఆ రంగు అంటే ఏమిటో ప్రణీత్‌గారికే తెలియక పరుగెత్తుకొచ్చారు. పరాంకుశంగారు ఆయన వెనకాలే వచ్చారు. అంకె చూశారు, బాదుషాని చూశారు, మళ్ళీ అంకె చూశారు. ఆయన ముఖం మెల్లమెల్లగా వెలిగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరినవాడిలా కనిపించారు.

"ఆదాయానికి మించిన ఆస్తుల కేసులు విన్నాను," అన్నారు. "ఆహారానికి మించిన విసర్జన ఇప్పుడే చూస్తున్నాను."

ఆ రోజే విచారణ. వకుళగారు దాచలేదు.

"తప్పే సార్. అది వీడిది కాదు. సీజర్‌ది."

పరాంకుశంగారు నన్ను సీజర్ ఖాతా చూడమన్నారు. ఆ పూట సీజర్ లక్ష్యాన్ని మించే సాధించింది. వంపగా మిగిలినదే అంత.

"సీజర్ జమ పూర్తిగా, సక్రమంగా ఉంది. పూర్తిగా జమయినది ఇంకొకరికి వెళ్ళే ప్రశ్నే లేదు. కాబట్టి ఇది సీజర్‌ది కాదు."

"నేనే ఇచ్చానండీ బాబూ," అన్నారు బలరాంగారు. ఆయనలో మంచితనం లేదని నేననను.

"మీరు కూర్చోండి బలరాంగారూ. ఉదారులు అలాగే అంటారు." ఆయన వకుళగారి వైపు తిరిగారు. "చూడండమ్మా. ఇది బాదుషాది అంటారా, అక్రమార్జన కేసు. బాదుషాది కాదంటారా, మూడో ఖాళీ సంచి. రెండు దారులూ ఒకచోటికే వెళ్తాయి. అయినా సహజ న్యాయం అని ఒకటుంది. ఆ శునకానికి అసలు సామర్థ్యం ఎంతో కమిటీ ఎదుట నిర్ధారణ కావాలి. ఆదివారం పొద్దున పచ్చిక మీద ప్రత్యక్ష ప్రదర్శన. అప్పటిదాకా సస్పెన్షన్. ఆ ప్రదర్శనలో విఫలమైతే ఆ సాయంత్రమే నివాస అనుమతి రద్దు."

ఆదివారం పొద్దున పచ్చిక చుట్టూ కుర్చీలు వేశారు. కమిటీ సభ్యులకి టీ, బిస్కట్లు వచ్చాయి. అన్ని బ్లాకుల వాళ్ళూ బాల్కనీల్లో నిలబడ్డారు. మినిట్స్ రాసుకోవడానికి నన్నూ రమ్మన్నారు. పచ్చిక నడుమ వకుళగారు, ఆవిడ పక్కన బాదుషా. ఆవిడ చేతిలో మడిచిన పాత పేపరు. రాత్రి నిద్ర పోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"ప్రారంభించవచ్చు," అన్నారు పరాంకుశంగారు.

బాదుషా కూర్చున్నాడు. అందర్నీ ఒకసారి చూశాడు, ఆవులించాడు.

"వాకింగ్ చేయించండి మేడమ్, మూవ్‌మెంట్ వస్తుంది," అన్నారు ప్రణీత్‌గారు.

"గోరువెచ్చటి నీళ్ళు పట్టండి," అని పై నుంచి ఒకావిడ. "మా మావగారికి అలాగే అవుతుంది."

"కానీరా నాన్నా, కానీ. మనవాళ్ళే అందరూ," అని బలరాంగారు చప్పట్లు కొట్టారు. బాదుషా చెవులు వెనక్కి పెట్టి వకుళగారి చీర కుచ్చిళ్ళలో దూరాడు.

పక్కనే నిలబడ్డ కొమురయ్య ఇక ఆగలేకపోయాడు. "సార్, గింతమంది గుడ్లు మిటకరించి సూస్తే నాకు గూడ రాదు. మొఖం అటు తిప్పుండ్రి."

కమిటీ దాని మీద చర్చించింది. అందరూ వీపు తిప్పితే ప్రదర్శనకి సాక్ష్యం ఉండదు. తిప్పకపోతే ప్రదర్శనే ఉండదు. చివరికి సభ్యులు పూర్తిగా వెనక్కి తిరగాలని, అధ్యక్షులవారు మాత్రం ఓరగా చూడవచ్చునని తీర్మానించారు. పెద్దమనుషులందరూ కుర్చీలు తిప్పుకుని, టీ కప్పులు పట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. పరాంకుశంగారు మెడ వంచి కంటి కొసనుంచి చూస్తున్నారు. ఎండ ఎక్కింది.

వకుళగారు మోకాళ్ళ మీద కూర్చుని బాదుషా వీపు నిమిరారు. "నువ్వేం తప్పు చెయ్యలేదురా," అన్నారు వాడికి మాత్రమే వినిపించేలా. దగ్గరగా నిలబడ్డాను కాబట్టి నాకూ వినిపించింది.

వాడు లేచాడు. గడ్డి వాసన చూశాడు. నాలుగు అడుగులు వేసి, చుట్టూ తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, నడుం వంచాడు.

"అయింది!" అని అరిచాడు కొమురయ్య. బాల్కనీల్లో ఈలలు. కమిటీ మొత్తం ఇటు తిరిగి లేచి నిలబడింది. బలరాంగారు పక్కవాళ్ళని కౌగిలించుకున్నారు. వకుళగారు చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు.

"ఒక సంచి ఇవ్వమ్మా."

నేను సంచి తీయబోయాను. పరాంకుశంగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. సస్పెన్షన్‌లో ఉన్న కుక్కకి సంచి జారీ చెయ్యడం కుదరదు."

"అయితే సస్పెన్షన్ ఎత్తేద్దాం సార్," అన్నారు ప్రణీత్‌గారు.

"ఎత్తెయ్యాలంటే సామర్థ్యం నిర్ధారణ కావాలి. అందుకు తూకం వెయ్యాలి."

"వేద్దాం సార్."

"తూకం వెయ్యాలంటే సంచిలో ఉండాలి కదయ్యా."

ఇద్దరూ దాని వైపు చూస్తూ నిలబడ్డారు. మిగతా సభ్యులూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన ఫోటో తీద్దామన్నారు. ఇంకొకాయన తూకం మిషన్నే ఇక్కడికి తెచ్చి, దాని కింద దూర్చగలమేమో చూద్దామన్నారు. ఇంకొకాయన, సంచి జారీ చెయ్యకుండా అప్పు కింద ఇవ్వవచ్చునా అని అడిగారు. పరాంకుశంగారు ఆ ప్రశ్న మీద నిజంగానే ఆలోచనలో పడ్డారు.

అప్పుడే మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లల బంతి పచ్చిక మీదికి దొర్లి వచ్చింది. దాని వెనకాల ఒక చిన్నపిల్ల, ఇంకా నడక సరిగ్గా రానిది, చేతులు చాచి పరుగెత్తుకొస్తోంది. పెద్దవాళ్ళందరూ తలలు వంచి చర్చలో ఉన్నారు. పిల్ల నేరుగా అక్కడికే వస్తోంది.

వకుళగారు రెండడుగులు వేశారు. వంగి, పేపరుతో ఎత్తి, మడిచి పొట్లం కట్టారు. పిల్ల ఆ చోటు మీంచే పరుగెత్తి బంతి పట్టుకుంది.

"ఏం చేశారమ్మా మీరు!" అన్నారు పరాంకుశంగారు.

"ఎత్తానండీ."

"ఎవరి ఉత్తర్వు మీద?"

"నా కుక్కదే కదండీ."

"అది కమిటీ ముందున్న ఆధారం! జారీ కాని కాగితంలో చుట్టేశారు. ఇప్పుడది తూకానికి పనికిరాదు. ఇది ఆధారాలను తారుమారు చెయ్యడం. విసర్జితాన్ని అనుమతి లేకుండా శుభ్రం చేసిన మొదటి వ్యక్తి మీరు." ఆయన కమిటీ వైపు తిరిగారు. అందరూ తలూపారు. "నివాస అనుమతి రద్దు. సాయంత్రంలోగా శునకాన్ని తరలించాలి. ఆ పొట్లం ఇటివ్వండి."

ఆవిడ పొట్లం ఆయన చేతిలో పెట్టి, బాదుషా తాడు అందుకుని, వాడి నడకకి తగ్గట్టు మెల్లిగా బి బ్లాకు వైపు వెళ్ళిపోయారు.

నేను మినిట్స్‌లో అంతా రాశాను. ఒకచోట ఆగాను.

"సార్, ఆధారం ఎక్కడుందని రాయమంటారు?"

"రాయి. అధ్యక్షులవారి భద్రతలో ఉంది."

"ఎప్పటిదాకా సార్?"

"కేసు ముగిసేదాకా. అప్పీలుకి అవకాశం ఉంటుంది కదా." అని ఆయన ఒకసారి తన చేతి వైపు చూసుకున్నారు. "ప్రణీత్, దీన్ని యోగా గదిలో..."

"అక్కడ సంచులకే సార్ అనుమతి. ఇది పేపరు," అన్నారు ప్రణీత్‌గారు అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేస్తూ.

"చెత్తబుట్టలో వేద్దామా?" అన్నారు ఒకాయన.

"ఆధారాన్ని ధ్వంసం చెయ్యమంటారా?" అన్నారు పరాంకుశంగారు కోపంగా.

ఆ తర్వాత ఎవరికి వాళ్ళకి ఇళ్ళలో పనులు గుర్తొచ్చాయి. కుర్చీలు ఖాళీ అయ్యాయి. పరాంకుశంగారు పొట్లాన్ని కాస్త ఎడంగా పట్టుకుని ఎ బ్లాకులోని తన ఇంటికి నడిచారు. ఆయన ఇల్లు కిందనే, ఆఫీసు కిటికీ ఎదురుగా. తలుపు తెరిచింది వాళ్ళావిడ కామాక్షమ్మగారు. పొట్లం చూసి ముందు పువ్వులనుకున్నట్టున్నారు, చెయ్యి చాపారు. తర్వాత చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు.

"ఇదేంటండీ?"

"ఆధారం. కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో..."

"మతి గానీ పోయిందా మీకు? దేవుడి గది ఉన్న కొంపలోకి కుక్క పెంట తెస్తారా! అదైనా గుమ్మం అవతలుండాలి, మీరైనా అవతలుండాలి. తేల్చుకోండి." తలుపు మూసుకుంది.

ఆయన వరండాలో నిలబడ్డారు. చెప్పుల స్టాండు మీద పెట్టబోయి, పక్కింటివాళ్ళు చూస్తుంటే మానేశారు. కిందకి దిగి బెంచీ మీద కూర్చున్నారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళారు. లిఫ్టు దగ్గర నిలబడ్డారు. లిఫ్టులోంచి దిగబోయినవాళ్ళు మళ్ళీ పైకి వెళ్ళిపోయారు. ఈగలు మాత్రం ఆయన్ని విడిచిపెట్టలేదు. మధ్యాహ్నం ఎండలో పొట్లం పట్టుకుని, భోజనం లేకుండా, కాలనీ చుట్టూ తిరిగారు. కమిటీ సభ్యులందరికీ ఫోన్లు చేశారు. ఒకరూ ఎత్తలేదు. బలరాంగారు ఎత్తారు కానీ, సీజర్ భయపడుతుందండీ అని పెట్టేశారు.

నాలుగు దాటాక ఆఫీసుకి వచ్చారు. గడప బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మని నేననలేదు.

"కేసు మూసెయ్యమ్మా."

"ఏమని సార్?"

నేరం రుజువైందని రాస్తే శిక్ష అమలవ్వాలి, అప్పీలు గడువు దాకా పొట్లం ఆయన దగ్గరే ఉండాలి. అది నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

"ఆధారాలు లభించనందున అని కొట్టు."

నేను ఆయన చేతి వైపు చూశాను. ఆయన దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నారు.

కొట్టాను: "శునకము బాదుషాపై మోపబడిన అభియోగాలకు ఎట్టి ఆధారాలూ లభించనందున కేసు మూసివేయబడినది. సస్పెన్షన్, నివాస అనుమతి రద్దు ఉత్తర్వు తక్షణము ఉపసంహరించబడినవి." కాగితం గడప దాకా తీసుకెళ్ళి ఇచ్చాను. సంతకానికి కుడిచెయ్యి కావాలి కాబట్టి, పొట్లం ఎడమచేతిలోకి మార్చుకుని, తలుపు చెక్కకి ఆనించి సంతకం పెట్టారు.

దాన్ని వకుళగారికి ఇచ్చి రమ్మని కొమురయ్యని పంపాను. పుస్తకాల పెట్టెలు సగం సర్దేసి ఉన్నాయని, కాగితం చదివి వాటి మధ్యే కూర్చుండిపోయారని, బాదుషా పొద్దున్నుంచీ ముట్టని పెరుగన్నం అప్పుడు తిన్నాడని వచ్చి చెప్పాడు. నియమం మాత్రం రద్దు కాలేదు. ఆ నెల ఉత్తమ శునక బహుమతి సీజర్‌కే వచ్చింది.

కొమురయ్య చెబుతుండగానే కిటికీలోంచి నాకు పరాంకుశంగారు కనిపించారు. క్రోటన్ మొక్కల పక్కన నిలబడి, ఒకసారి ఎడమకి చూశారు, ఒకసారి కుడికి చూశారు. పైన బాల్కనీల వైపు కూడా చూశారు. కొమ్మలు పక్కకి తప్పించి లోపలికి వంగారు. పైకి లేచేసరికి చేతులు ఖాళీ. పంచెకి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూస్తూ ఎ బ్లాకు వైపు నడిచిపోయారు.

నా వెనకనుంచి కొమురయ్య కూడా చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కుక్కయితే గింత దొంగసాటుగ పోదు బిడ్డా," అన్నాడు.